టాప్ హ్యాండిల్ చైన్‌సా: చెట్టు మీద పనికి ఏది తీసుకోవాలి, పైన ఎలా వాడాలి?

గోదారిగట్టు అడుగుతున్నారు:

అన్నలందరికీ నమస్తే. రాజమండ్రి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో, కాలేజీ ఆవరణల్లో కొమ్మలు కొట్టే పని మాది. నలుగురం ఉంటాం. ఎక్కువగా నిద్రగన్నేరు, తురాయి, వేప, మామిడి. అప్పుడప్పుడు కొబ్బరి మాను దించమంటారు. ప్రస్తుతం కింద వాడే 58 సీసీ మిషన్‌నే (చైన్ తిరిగే పట్టీ, అంటే బార్, 18 అంగుళాలు) తాడు కట్టి పైకి లాక్కుని కోస్తున్నాం. బరువు ఆగడం లేదు, కొమ్మల సందులో తిప్పడానికి చోటు చాలడం లేదు. అందుకే పిడి పైనుండే మిషన్ కొందామనుకుంటున్నాం. మూడు సందేహాలు.

1. ఎన్ని సీసీ, ఎంత బార్ తీసుకోవాలి?
2. ఆన్‌లైన్‌లో 25 సీసీవి బాగా చవగ్గా ఉన్నాయి. పేరున్న కంపెనీ వాటికీ వీటికీ అసలు తేడా ఎక్కడ?
3. ఒంటి చేత్తో కోయడానికే పిడి పైన పెట్టారంటున్నారు. నిజమేనా?

ఎక్కేవాడికి నడుము బెల్టు, ఒక మోకు ఉన్నాయి. ఇంకేం కావాలో కూడా చెప్పండి.

---

ఆకురాయి:

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా రెండూ దాని తర్వాతే. ఒంటి చేత్తో కోయడానికి కాదు తమ్ముడూ. మిషన్ పొడవు తగ్గి, బరువంతా అరచేతి కిందికి వచ్చి, ఇరుకు కొమ్మల మధ్య ఒంటికి దగ్గరగా రెండు చేతులతో పట్టుకోవడానికి పిడిని పైకి తెచ్చారు. కుడిచెయ్యి పైపిడి మీద, ఎడమచెయ్యి పక్కనున్న గొట్టం పిడి మీద ఉండాలి. ఎడమ బొటనవేలు పిడి చుట్టూ తిరిగి ఉండాలి, మిగతా వేళ్లతో పాటు పైన ఆనించి వదిలేయకూడదు.

ఎందుకంత పట్టింపు అంటే, బార్ ముక్కులో పై పావు భాగం దేనికైనా తగిలితే చైన్ అక్కడ కోయలేక మిషన్‌ను పైకి, వెనక్కి విసురుతుంది. దాన్నే కిక్‌బ్యాక్ అంటాం. వెనక పిడి మిషన్‌లో రెండు చేతుల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి ఆ విసురును కొంత ఆపగలం. టాప్ హ్యాండిల్‌లో రెండు పిడులూ పక్కపక్కనే ఉంటాయి, అందుకే తిరుగుడు ఇంకా వేగంగా మొహం, మెడ వైపు వస్తుంది. ఒక చెయ్యి తీసేస్తే దాన్ని ఆపేది ఏదీ మిగలదు. పైగా ఆ తీసిన చెయ్యి ఊరికే ఉండదు, కోసే కొమ్మనే పట్టుకుంటుంది. చైన్ జారితే నేరుగా వెళ్లేది దాని మీదికే.

నేల మీద దీన్ని వాడొద్దు. బ్రిటన్‌లో శిక్షణ పొందిన వాళ్లే, అదీ చెట్టు మీదే ఈ రకం వాడాలని నియమం పెట్టుకున్నారు. తేలిగ్గా ఉంది కదా అని కిందివాళ్లు దీంతోనే పడిన కొమ్మలు ముక్కలు చేయడం మొదలుపెడతారు. వంగి, ఒంటి చేత్తో, కాలికి దగ్గరగా కోస్తారు. కింది పనికి మీ 58 సీసీ ఉందిగా, అదే వాడండి.

ఇక ఎంపిక. ఐఎస్ఓ 11681 రెండో భాగం ప్రకారం చెట్టు మీద వాడే మిషన్ బార్, చైన్ లేకుండా 4.3 కిలోలు దాటకూడదు. ఆ లోపల రెండు తరగతులు ఉన్నాయనుకోండి. పెద్దవి 35 సీసీ అటూ ఇటూ ఉంటాయి: స్టిల్ ఎంఎస్ 201 టీ 35.2 సీసీ, 3.7 కిలోలు. హస్క్‌వర్నా టీ540 ఎక్స్‌పీ 37.7 సీసీ, 3.9 కిలోలు. చిన్నవి 25 సీసీ దగ్గరవి: ఎంఎస్ 150 టీ 23.6 సీసీ, 2.6 కిలోలు. ఎకో సీఎస్-2511టీ ఇంకా తేలిక. ఇవన్నీ ఖాళీ బరువులు. బార్, చైన్, పెట్రోలు, ఆయిల్ చేరాక ఇంకో కిలో పైనే కలుస్తుంది. రోజంతా చెయ్యి చాచి మోసేది ఆ మొత్తం బరువు.

మామిడి, వేప కొమ్మల సన్నం పనే అయితే 25 సీసీ, 10 అంగుళాల బార్ సరిపోతుంది. మీకు నిద్రగన్నేరు ఎక్కువ కాబట్టి 35 సీసీకే నా ఓటు, కానీ బార్ 12 అంగుళాలే పెట్టండి. షాపులో 14 అంటగడతారు. కొమ్మ దాటి అవతలకు పొడుచుకొచ్చిన బార్ ముక్కు మీ కంటికి కనబడదు. వెనకున్న చిన్న రెమ్మకు తగిలేది ఆ కనబడని రెండంగుళాలే. 12 అంగుళాలతో పాతిక సెంటీమీటర్ల కొమ్మ ఒక్క ఊపులో తెగుతుంది. అంతకంటే లావైనదాన్ని పైన ఒకేసారి కోయాల్సిన అవసరం చాలాసార్లు రాదు, చివరల నుంచి తగ్గించుకుంటూ రావచ్చు.

చవక మిషన్ల సంగతి. 25.4 సీసీ కాపీ మిషన్లలో ఇంజిన్ బాగానే తిరగొచ్చు. తేడా ఉండేది చైన్ బ్రేక్ బ్యాండు, క్లచ్ స్ప్రింగులు, కార్బొరేటర్, వైబ్రేషన్ ఆపే రబ్బర్లలో. ఏది కొన్నా షాపులోనే ఇవి చూడండి. తెగిన చైన్‌ను పట్టే కొక్కెం బార్ మొదట్లో కింద ఉందా? వెనక తాడు తగిలించే రింగు బాడీకి గట్టిగా ఉందా? స్టార్ట్ చేయించి యాక్సిలరేటర్ వదిలితే చైన్ పూర్తిగా ఆగుతోందా? మెల్లగా పాకుతూ ఉంటే ఐడిల్ ఎక్కువైనా ఉండాలి, క్లచ్ స్ప్రింగు సాగైనా ఉండాలి. ఫుల్ రేసులో ఉండగా పిడి వదలకుండా ఎడమ మణికట్టుతో ముందు గార్డును తోస్తే చైన్ టక్కున ఆగాలి. ఇంజిన్ ఆపి ఇంకో పరీక్ష: బ్రేక్ వదిలి, ఒక మొద్దు మీద జానెడున్నర ఎత్తున మిషన్ పట్టుకుని, ఎడమచెయ్యి తీసేసి బార్ ముక్కును మొద్దు మీద పడనివ్వండి. ఆ కుదుపుకి బ్రేక్ దానంతట అదే పడాలి. పడకపోతే ఆ మిషన్ చెట్టెక్కకూడదు.

ఇంకోటి అడగండి: క్లచ్ డ్రమ్, ఆయిల్ పంపు, బ్రేక్ బ్యాండు మీ ఊళ్లోనో కాకినాడలోనో దొరుకుతాయా? స్పేర్లు లేని మిషన్ ఎంత మంచిదైనా మూడు నెలల తర్వాత మూలన పడుతుంది.

---

రెండుమోకులు:

ఆకురాయి గారు మిషన్ గురించి చెప్పేశారు. నేను మనిషి గురించి చెప్తాను. ఒక బెల్టు, ఒక మోకు ఎక్కడానికి చాలొచ్చు, కోయడానికి చాలవు. కోసేటప్పుడు ఎప్పుడూ రెండు కట్లు ఉండాలి, ఒకటి తెగినా రెండోది మనిషిని పట్టేలా. మొదటిది కోసే చోటికి పైన బలమైన కొమ్మల చీలికలో (పంగలో) వేసిన ఎక్కే తాడు. రెండోది మాను చుట్టూ తిప్పి బెల్టుకి రెండు పక్కలా తగిలించే చిన్న తాడు, లోపల స్టీలు తీగ ఉన్నది. బరువు మీద బిగిసి ఉన్న నైలాన్ తాడుకి తిరిగే చైన్ అంటుకుంటే చాలు, తెగిపోతుంది. స్టీలు తీగ ఉన్నా తెగదని కాదు, క్షణం ఆలస్యం అవుతుంది అంతే. కరెంటు తీగల దగ్గర మాత్రం ఆ స్టీలు తాడు పెట్టుకోకండి.

నడుముకి మాత్రమే ఉండే బెల్టులో వేలాడితే ఊపిరాడదు. తొడల పట్టీలున్న సీటు హార్నెస్ కొనండి. గీత కార్మికులకు 2024లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన కాటమయ్య రక్షణ కవచం లాంటి కిట్లు చాలామంది అడుగుతున్నారు. అవి తాటిచెట్టు మీంచి పడకుండా ఉండడానికి. రంపం చేతిలో ఉన్నవాడికి పైన చెప్పిన రెండో తాడు విడిగా కావాల్సిందే.

మిషన్‌కీ ఒక తాడు ఉంటుంది. వెనక రింగు నుంచి హార్నెస్‌కి కట్టే పట్టీ. చెయ్యి పూర్తిగా చాచినా బిగుసుకోనంత పొడవు ఉండాలి. విపరీతమైన లాగుడు వస్తే ఊడిపోయే రకం తీసుకోండి. పడే కొమ్మ బార్‌ను పట్టుకుని లాగిందనుకోండి, పట్టీ ఊడకపోతే మిషన్‌తో పాటు మనిషినీ గుంజుతుంది.

స్టార్టింగ్: చల్ల ఇంజిన్‌ను కిందనే స్టార్ట్ చేసి, ఒక నిమిషం వేడెక్కించి, ఆపి, చైన్ బ్రేక్ వేసి పైకి పంపండి. పైన స్టార్టర్ తీగ లాగేటప్పుడు బ్రేక్ వేసే ఉండాలి, బార్ ఒంటికి, తాళ్లకు దూరంగా పక్కకు చూడాలి, ఒక చెయ్యి పిడి గట్టిగా పట్టుకోవాలి. మిషన్‌ను గాల్లోకి వదులుతూ తీగ లాగే అలవాటు ఉంటే మాన్పించండి. ఒక కోత అయి చెయ్యి తీసే ప్రతిసారీ ముందు బ్రేక్, తర్వాత చెయ్యి. పెట్రోలు అయిపోతే మిషన్ కిందికి పంపి పోయించాలి, పైన పోయకూడదు.

నిలబడే తీరు: కోత నడుముకీ ఛాతీకీ మధ్య ఎత్తులో ఉండాలి, భుజం దాటితే అక్కడికి మీరు ఎక్కాలి. తల, మెడ బార్ గీతకి ఎడమ పక్కకి ఉండాలి. మణికట్టు కంటే సన్నని రెమ్మలకు మిషనే వద్దు, వంపు తిరిగిన చేతిరంపం చాలు. నడుముకి ఒరతో అది ఎప్పుడూ ఉండాలి, బార్ కొమ్మలో ఇరుక్కున్నా విడిపించేది అదే.

కొమ్మను ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో కోయాలనిపించే చోటే ఒంటి చేతి అలవాటు పుడుతుంది. దానికి మందు మెట్టు కోత. పది పదిహేను సెంటీమీటర్ల లావు కొమ్మకి ఒక పక్క నుంచి సగం దాటించి ఒక గాటు పెట్టండి. ఎదుటి పక్క నుంచి, రెండు మూడు సెంటీమీటర్లు ఎడంగా, ఇంకో గాటు కూడా సగం దాటించి పెట్టండి. రెండు గాట్లూ ఒకదాన్నొకటి కాస్త దాటి ఉంటాయి కానీ కలవవు. కొమ్మ కదలకుండా నిలబడే ఉంటుంది. బ్రేక్ వేసి, మిషన్ ఆపి, బెల్టుకి తగిలించి, రెండు చేతులతో కొమ్మ పట్టుకుని విరిస్తే టక్కుమని ఊడి చేతిలోకి వస్తుంది. ఎక్కడ కావాలంటే అక్కడ పడేయొచ్చు. గాట్లు సగం దాటకపోతే విరగదు, మరీ దాటిస్తే మీరు సిద్ధం కాకముందే ఊడుతుంది.

అడ్డంగా చాచిన బరువు కొమ్మకి ముందు కింది నుంచి పావు వంతు, తర్వాత పైనుంచి దానికి సరిగ్గా ఎదురుగా ఫుల్ రేసులో కోయాలి. కింది గాటు పెట్టకపోతే కొమ్మ సగంలో విరిగి బెరడును మాను దాకా చీల్చుకుపోతుంది. నిద్రగన్నేరుకి ఇది మరీ ముఖ్యం. పొడుగు చేతులు, బరువంతా చివర్లో. మాను దగ్గర కోయడానికి ముందు చివర్ల నుంచి సగం బరువైనా దించండి. తురాయి పెళుసు, వంగి హెచ్చరించదు, ఒక్కసారే విరుగుతుంది. దాని సన్న కొమ్మలకు బరువు ఆనించకండి. జామాయిల్ నిలువునా చీలుతుంది.

చివరి కోత మాను పక్కనే ఉబ్బుగా ఉండే కాలర్‌కి బయటగా ఉండాలి. మానుకి సమానంగా చెక్కేయొద్దు, మొండి వదలొద్దు. ఆ ఉబ్బులోంచే చెట్టు గాయాన్ని మూసుకుంటుంది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో దుంగలు నిలువునా కోసి చూపించింది ఇదే. కోసిన చోట తారు పూయమని ఓనర్లు పట్టుబడతారు, దానివల్ల చెట్టుకి లాభం లేదు.

ఎక్కే ముందు పైకి ఐదు నిమిషాలు చూడండి. పెద్ద తేనెపట్టు ఉంటే ఆ రోజు పని లేదు, పొగకీ మోతకీ లేస్తాయి. మామిడి మీద ఆకులు కుట్టిన చీమల గూళ్లు ఉంటే ముందు వాటిని దులపాలి, కంట్లోకి వస్తే రెండు చేతులూ పిడి మీద నిలవవు. చీలికల దగ్గర పుట్టగొడుగులు, డొల్ల శబ్దం ఉంటే అక్కడ తాడు వేయకండి.

---

గోదారిగట్టు:

ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. ఇంకో రెండు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) ఈ చిన్న ఇంజిన్లకి పనికొస్తుందా? బండికి పోసే 2టీ ఆయిల్ కలిపితే చాలా? చైన్ ఆయిల్‌కి పాత ఇంజిన్ ఆయిల్ పోస్తున్నాం.

---

ఆకురాయి:

ముందు చివరిది. పాత ఇంజిన్ ఆయిల్ మానేయండి. అందులో ఇనుప పొడి, మసి ఉంటాయి. ఈ మిషన్ల ఆయిల్ పంపు చాలా చిన్నది, దాని దారి పూడుకుంటుంది. అసలు ఆయిల్‌కి బంక ఉంటుంది, చైన్ మీద నిలుస్తుంది. పాత ఆయిల్ ముక్కు దగ్గరే ఎగిరిపోయి మీ చేతులు, తాళ్ల మీద పడుతుంది. ఆయిల్ వస్తోందో లేదో తెలియాలంటే బార్ ముక్కును తెల్ల అట్టముక్కకి జానెడు దూరంలో పెట్టి రేస్ చేయండి, సన్నని నూనె గీత పడాలి.

పెట్రోలు: లీటరుకి 20 మిల్లీలీటర్లు, అంటే 50:1. డబ్బా మీద జాసో ఎఫ్‌డీ అని ఉన్న ఆయిల్ వాడండి. బండికి పోసే మామూలు 2టీ ఈ వేగాలకి చేసింది కాదు, ఈ ఇంజిన్లు నిమిషానికి 12 వేల చుట్లు పైనే తిరుగుతాయి. పడవ ఇంజిన్ ఆయిల్ అసలొద్దు. చాలా మాన్యువళ్లలో ఇథనాల్ పరిమితి 10 శాతం అని ఉంటుంది, మీరు కొనే మిషన్ మాన్యువల్లో ఎంతుందో చూసుకునే కొనండి. ఇథనాల్ ఎక్కువైతే మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది. వానాకాలంలో గాలిలో తేమ పీల్చి అడుగున నీటి పొర విడిపోతుంది, నూనె పైపొరలోనే ఉండిపోతుంది. పెట్రోలు గొట్టాలు, కార్బొరేటర్ లోపలి పలచటి పొర (డయాఫ్రమ్) గట్టిపడతాయి. ఎంఎస్ 201 టీలో ఎం-ట్రానిక్ రకం, టీ540 ఎక్స్‌పీ కార్బొరేటర్‌ను వాటంతట అవే సర్దుకుంటాయి. స్క్రూల రకమైతే ఈ20 పోసినప్పుడు హెచ్ స్క్రూ (ఫుల్ రేసులో పెట్రోలు పాళ్లు సర్దేది) మెకానిక్‌తో టాకోమీటర్ (చుట్లు లెక్కపెట్టే మీటరు) పెట్టి సర్దించుకోవాలి, చెవితో కాదు. వారానికి సరిపడానే కలపండి. నాలుగు రోజులు పని లేదంటే ట్యాంకు ఖాళీ చేసి, దానంతట ఆగిపోయేదాకా తిప్పి పెట్టేయండి.

చైన్ సంగతి కూడా ఇక్కడే. కొనేటప్పుడు పిచ్ (లింకుల ఎడం), గేజ్ (బార్ గాడిలో కూర్చునే లింకు మందం), డ్రైవ్ లింకుల (ఆ గాడిలో కూర్చునే లింకుల) సంఖ్య మూడూ బార్ మీద ఉన్న వాటితో కలవాలి. మీ రోడ్డు చెట్లకి మేకులు, దుమ్ము తప్పవు కాబట్టి మూల గుండ్రంగా ఉండే సెమీ చిసెల్ పళ్లు మేలు. 3/8 లో-ప్రొఫైల్ (ఎత్తు తక్కువ) చైన్‌కి 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి, 30 డిగ్రీల వాటం. ఒక్కో పన్నుకి లోపలి నుంచి బయటికి మూడు నాలుగు తోపులు, ట్యాంకు నింపిన ప్రతిసారీ. కోసే పన్నుకి ముందుండే చిన్న పన్ను దానికంటే 0.65 మి.మీ. కిందుండాలి. వేగంగా కోస్తుందని దాన్ని ఇంకా అరగదీస్తే చైన్ ఎక్కువ కొరికి కిక్‌బ్యాక్ పెరుగుతుంది. పిండిలా పొడి వస్తే మొద్దుబారింది, పొరలు పొరలుగా వస్తే పదునుంది. స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) మీద అరిగిన గాడి అర మిల్లీమీటరు దాటితే కొత్త చైన్ వేసే ముందు దాన్నీ మార్చండి.

---

లైన్‌క్లియర్:

ఒక్క మాట మాత్రమే. కొమ్మ తీగలకి దగ్గరగా ఉంటే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్ల చేత ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపి పనికి ఇచ్చే అనుమతి) ఇప్పించుకుని, లైన్లో కరెంటు లేదని పరీక్షించి, ఎర్త్ చేశాక ఎక్కండి. ఫ్యూజు పీకేశామని వాచ్‌మన్ చెప్పడం ఎల్‌సీ కాదు. జనరేటర్ లేదా ఇన్వర్టర్ ఏ ఇంట్లోంచైనా లైన్లోకి వెనక్కి కరెంటు పంపొచ్చు. పచ్చి కొమ్మ 11 కేవీకి తగిలితే చెట్టంతా కరెంటే. చెట్టు మొత్తం తీసేయమంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కాగితం ఓనర్ చేతిలో ఉందో లేదో చూసే పని ఒప్పుకోండి.

---

కొబ్బరిమట్ట:

కొబ్బరి మాటెవరూ ఎత్తలేదు. అది వేరే పని. మానుకి కొమ్మలు లేవు, చీలిక లేదు, కాబట్టి పైన తాడు వేసే చోటు ఉండదు. తల దించేశాక మాను చుట్టూ వదులుగా తిప్పిన తాడు పైనుంచి జారి ఊడిపోతుంది. అందుకని రెండు కట్లూ మానుని ఉరిలా బిగించేవిగా ఉండాలి, ఒకదాని కింద ఒకటి. దింపేయబోయే మాను కాబట్టి కాలికి ఇనుప ముళ్లు వాడొచ్చు. బతికి ఉండాల్సిన చెట్టుకి వద్దు, ఆ గాయాలు కొబ్బరికి మానవు.

ముందు కాయలు, మట్టలు కత్తితో దించి, తర్వాతే మిషన్ పైకి తెప్పించుకోండి. మొవ్వు తర్వాత మానుని అర మీటరు ముక్కలుగా మెట్టు కోతతో తోయండి. పాతిక సెంటీమీటర్ల లావు పచ్చి మాను మీటరు ముక్క 40 నుంచి 50 కిలోలు తూగుతుంది, ఆశపడి పొడుగు ముక్కలు కోయకండి. పీచు స్ప్రాకెట్‌లో చుట్టుకుని ఆయిల్ రంధ్రం మూస్తుంది. నాలుగైదు కోతలకొకసారి మిషన్ కిందికి దించి కవర్ విప్పి పీచు లాగేయాలి. లేకపోతే చైన్ ఎండిపోయి బార్ నీలంగా మాడుతుంది.

బ్యాటరీ మిషన్ల గురించి కూడా ఆలోచించండి. అపార్ట్‌మెంట్లలో మోత లేదు, పైన తీగ లాగే పని లేదు, పొగ మొహాన కొట్టదు. కానీ శబ్దం లేదు కాబట్టి ఆన్‌లో ఉందని మర్చిపోతారు, వేలు తగలగానే చైన్ తిరుగుతుంది. రక్షణ ప్యాంటు గుడ్డలో ఉండే పీచు చైన్‌కి చుట్టుకుని పెట్రోలు ఇంజిన్‌ను ఆపేస్తుంది. మోటారు బలానికి అంత త్వరగా ఆగకపోవచ్చు.

ప్యాంటు అన్నాను కాబట్టి: చెట్టెక్కేవాడికి కాలు చుట్టూ పొరలున్న టైప్ సీ కావాలి. ముందు మాత్రమే ఉండే టైప్ ఏ నేల మీద వాళ్లకి. మన ఎండకి ఉడుకుతుంది, నిజమే. పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి పదకొండుకి దిగిపోండి, కానీ విప్పకండి.

కొన్న మొదటి రోజే పైకి తీసుకెళ్లొద్దు. ఒక నిలువు దుంగని స్తంభానికి ఛాతీ ఎత్తులో కట్టి, హార్నెస్ వేసుకుని, తాడు బిగించుకుని, మెట్టు కోత యాభై సార్లు కోసి చూడండి. ప్రతి కోత తర్వాత బ్రేక్ వేయడం చేతికి అలవాటయ్యేదాకా కిందనే.